47 అంతస్తుల బిల్డింగు మంటకే కూలిందా, కావాలని కూల్చారా? బావతో పులస పందెం కాశాను, చెప్పండి

ఇనపకొట్టు, అంబాజీపేట:

అందరికీ నమస్కారమండి. నాకు అంబాజీపేటలో ఇనుము, సిమెంటు కొట్టు ఉంది. చదువు ఇంటరుతో ఆపేశాను. ఇక్కడ ఇంజినీర్లు, సైట్ల మీద పనిచేసినవాళ్ళు ఉంటారని మా అమ్మాయి చెబితే రాస్తున్నాను.

మొన్న కనుమకి డల్లాస్ నుంచి మా అక్కా బావా వచ్చారు. జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళి, ప్రభలతో పాటు చేలకి అడ్డంపడి తిరిగి, ఇంటికొచ్చి బురదకాళ్ళు కడుక్కుని గారెలూ కోడికూరా లాగించి కూర్చున్నాం. అంతవరకు బాగానే ఉందండి. అప్పుడు బావ తన సెల్లు టీవీకి కలిపి ఓ వీడియో పెట్టాడు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట టవర్లు కూలిన సంగతి అందరికీ తెలుసు. అదే రోజు సాయంత్రం 5:20కి, వాటి పక్కనే ఉన్న 7వ నంబరు బిల్డింగు కూడా కూలిందని నాకైతే అప్పటిదాకా తెలీదు. దాన్ని విమానమేదీ గుద్దలేదు. పొద్దున్న 10:28కి ఉత్తరపు టవరు కూలినప్పుడు శకలాలు వచ్చి మీద పడి మంటలు రేగాయి. వీడియోలో చూస్తే 47 అంతస్తుల మేడ లిఫ్టు దిగినట్టు నిలువునా దిగిపోయింది. మా అమ్మ కూడా పారాయణం ఆపి, "అదేంట్రా, అంత బుద్ధిగా పడింది!" అంది.

బావ చెప్పేదేమిటంటే, మంటకి స్టీలు కరగదు. అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా ఒట్టి మంటకి అంత ఎత్తు స్టీలు మేడ పడిపోలేదు. ఆ బిల్డింగులో సీఐఏ వాళ్ళకీ, సీక్రెట్ సర్వీస్ వాళ్ళకీ ఆఫీసులున్నాయి. అది కూలక సుమారు 20 నిమిషాల ముందే బీబీసీలో ఒకామె "కూలిపోయింది" అని చెప్పేసింది, ఆవిడ వెనక కిటికీలోంచి ఆ మేడ నిలబడే కనిపిస్తోంది! (ఇది నేనూ చూశానండి, నిజమే.) పైగా ఓనరు సిల్వర్‌స్టీన్ ఆ మరుసటి ఏడు ఒక డాక్యుమెంటరీలో "పుల్ ఇట్" అనే మాట వాడాడు. అంటే కూల్చెయ్యమనేగా అంటాడు బావ.

నేను నోరు జారి "మంటకే పడింది బావా" అన్నాను. ఓడిపోయినవాడు వరదల్లో పులస కొనాలని అక్కడికక్కడే పందెం. అక్క సాక్షి.

అసలు నాకెందుకు ఒళ్ళు మండిందో కూడా చెప్పాలి. నిరుడు మా పక్క ఊళ్ళో కొత్తగా కడుతున్న డాబాకి ఐదడుగుల బాల్కనీ పోశారు. సెంటరింగ్ విప్పిన రోజునే అది విరిగి పడింది. కూలీలు అన్నాలకి వెళ్ళారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. సాయంత్రానికి ఊళ్ళో మూడు కథలు లేచాయి. గ్యాస్ బావులు తవ్వి తవ్వి నేల అదిరిపోతోందని ఒకటి. స్థలం తగాదాలో సొంత తమ్ముడే రాత్రి వచ్చి గడ్డపలుగుతో కుళ్ళబొడిచాడని ఇంకోటి. మూడోది, అంబాజీపేట కొట్లో ఇచ్చిన ఇనుము నకిలీదని. ఆ కొట్టు నాదేనండి.

గ్యాస్ మాట అన్నవాళ్ళని నేను తప్పుపట్టను. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు నేను నాలుగో తరగతి. రాత్రిళ్ళు మా డాబా ఎక్కితే ఆ వైపు ఆకాశం ఎర్రగా ఉండేది. 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఎంతమంది పోయారో మీకు తెలుసు. అలాంటి చోట ఏది పడినా ముందు గ్యాసే గుర్తొస్తుంది. కానీ నా ఇనుము ఏం పాపం చేసింది? రెండు నెలలు కొట్లో ఈగలు తోలుకున్నాను.

అందుకే "కుట్ర" అన్న మాట వింటే చాలు, నాకు లేస్తుంది. బావ మాటలో పస ఉందా లేదా ఆలోచించకుండానే పందెం కాశానేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి. బావకి ఈ లింకు పంపిస్తాను, మర్యాదగా రాయండి.

దోహా నుంచి వచ్చేశా:

తమ్ముడూ, నాది ముమ్మిడివరం పక్క. ఖతార్‌లో 11 ఏళ్ళు ఒకటే పని చేశాను. స్టీలు బిల్డింగుల్లో దూలాలకి మంట నుంచి కాపు కాసే పూత కొట్టడం. పైపుతో కొడతాం, అట్ల పిండిలా జారుగా వస్తుంది, ఆరితే చల్లారిన ఇడ్లీలా ఉంటుంది. గోరుతో గీకితే రాలుతుంది. ఇన్‌స్పెక్టరు చేతిలో చిన్న సూది గేజీ ఉంటుంది, పూతలోకి గుచ్చి మందం చూస్తాడు. కొలత తగ్గిందంటే మళ్ళీ నిచ్చెన ఎక్కాల్సిందే. కొత్తలో నేనూ మీ బావలాగే అనుకున్నా. ఇనుముకి మంటేమిటి, దానికి దుప్పటేమిటి అని.

మా ఫోర్‌మన్ కేరళాయన చెప్పాడు. స్టీలు కరగాలంటే 1500 డిగ్రీలు కావాలి, ఆఫీసు తగలబడితే మహా అయితే వెయ్యి దాకా వస్తుంది, కాబట్టి కరగదు, నిజమే. కానీ 600 దగ్గరే దాని బలం సగానికి పడిపోతుంది. సగం బలంతో ఉన్న దూలం పైన పూర్తి బరువు అలాగే ఉంటుంది. మన వీధుల్లో ఐస్‌క్రీం బండివాడి దగ్గర పుల్ల ఐస్ చూడండి, కరిగి నీళ్ళవక ముందే పుల్ల మీంచి జారి కింద పడుతుంది కదా.

ఆ పూతకి గంటల లెక్క ఉంటుంది. ఇన్ని గంటలు ఆపుతుంది, ఈలోగా జనం దిగిపోవాలి, ఫైరింజన్ రావాలి. 7వ నంబరు మేడలో పొద్దున్న అంటుకున్న మంట సాయంత్రం దాకా, అంటే సుమారు 7 గంటలు, ఆర్పేవాడు లేక మండింది. మంట వస్తే పైనుంచి నీళ్ళు చిమ్మేవి స్ప్రింక్లర్లు. కింది 20 అంతస్తుల స్ప్రింక్లర్లకి నీళ్ళు ఊరి మెయిన్ పైపు నుంచే రావాలి. టవర్లు కూలినప్పుడు ఆ మెయిన్లు పగిలిపోయాయి. మంటలు అదుపు తప్పింది 7 నుంచి 9, 11 నుంచి 13 అంతస్తుల్లో, అంటే సరిగ్గా నీళ్ళు రాని అంతస్తుల్లోనే. ఇది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. మేం కొట్టిన పూత అంతా స్ప్రింక్లర్ పనిచేస్తుందన్న నమ్మకం మీదే కొట్టాం.

అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2008 నవంబరులో ఇచ్చిన రిపోర్టులో చెప్పిందిది. తూర్పు పక్క అంతస్తుల దూలాలు వేడికి సాగి, 79వ నంబరు స్తంభం దగ్గరున్న పెద్ద దూలాన్ని దాని పీట మీంచి తోసేశాయి. 13వ అంతస్తు నేల ఊడి కింద దాని మీద, అది ఇంకో దాని మీద, అలా 5వ అంతస్తు దాకా పడ్డాయి. 79వ స్తంభానికి తొమ్మిది అంతస్తుల పొడుగునా పక్క దన్ను పోయింది. సెంటరింగ్‌లో సరుగుడు బాదులకి మధ్యలో కట్టిన అడ్డకర్రలు విప్పేసి చూడు తమ్ముడూ, బాదు బాగానే ఉంటుంది, బరువుకి విల్లులా వంగి ఫట్‌మంటుంది. అదే జరిగింది.

ఇక అంతకుముందు ఎక్కడా పడలేదన్నది నిజమే బావగారూ, కానీ ఆ తర్వాత 2017 జనవరి 19న టెహ్రాన్‌లో ప్లాస్కో అనే 17 అంతస్తుల స్టీలు మేడ మంటల్లో కూలింది. దాన్ని ఆర్పడానికి వెళ్ళినవాళ్ళు అందులోనే పోయారు. టీవీలో లైవ్‌గా వచ్చింది.

పాలకొల్లు టు డల్లాస్:

నేనే ఆ బావని. బామ్మర్దీ, ఇంట్లో గొడవ ఊరంతా పెట్టావు, సంతోషం.

దోహా అన్నగారికి నమస్కారం. కరగడం గురించి నేను అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. టెహ్రాన్ సంగతి కూడా నాకు తెలీదు, నేను చూసిన వీడియో పాతది. కానీ నా అసలు పాయింటు ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మేడ కూలేటప్పుడు 2.25 సెకన్ల పాటు ఫ్రీ ఫాల్‌లో పడింది. అంటే చెట్టు మీంచి కొబ్బరికాయ రాలినట్టు, కింద ఏ అడ్డూ లేనట్టు. 2008 ఆగస్టులో నిస్ట్ తన డ్రాఫ్టులో ఫ్రీ ఫాల్ కంటే నెమ్మదిగానే పడిందని రాసింది. ఒక హైస్కూలు ఫిజిక్స్ మాస్టారు వీడియోని ఫ్రేము ఫ్రేముగా కొలిచి నిలదీశాడు. నవంబరు ఫైనల్ రిపోర్టులో ఫ్రీ ఫాల్ నిజమేనని ఒప్పుకున్నారు. మనం "పిచ్చి కుట్రగాళ్ళు" అనే జట్టులో ఒకడు, ప్రభుత్వ ఇంజినీర్ల లెక్క దిద్దాడు. దీనికేమంటారు?

ఇంకోటి. వాళ్ళ కంప్యూటర్ మోడల్లో వేసిన అంకెలు కొన్ని బయటపెట్టమంటే, ప్రజల భద్రతకి ముప్పు అని ఇవ్వలేదు. 2020లో అలాస్కా యూనివర్సిటీ వాళ్ళు వేరే మోడల్ చేసి, మంటల వల్ల కాదన్నారు. దానికి డబ్బిచ్చింది కుట్ర అనుమానించే ఆర్కిటెక్టుల సంఘమే, అదీ నేనే చెబుతున్నా, దాచను. కానీ అంకెలు దాచిపెట్టి నమ్మమంటే ఎలా నమ్మాలి? అంత పద్ధతిగా, ఒకేసారి, నిలువునా దిగాలంటే స్తంభాలన్నీ ఒకేసారి పోవాలి. థర్మైటు (ఇనుముని కరిగించేంత వేడితో మండే మందు) లాంటిదేదో పెట్టి కోస్తే తప్ప అది కుదరదని నా నమ్మకం.

పులస పందెం ఉందింకా.

పట్టాల మనిషి, నిడదవోలు:

నేను రైల్వేలో ట్రాక్ మీద 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీ ఇద్దరి గొడవలో థర్మైటు మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోయాను. అది నా చేతి పని.

పట్టా అతుకు వెయ్యడానికి మేం వాడేది అదే. ఇనుప తుప్పుపొడి, అల్యూమినియం పొడి. రెండు పట్టాల మధ్య 25 మిల్లీమీటర్ల సందు పెడతాం. చుట్టూ అచ్చు బిగించి, సందుల్లో ఇసుక మెత్తి, బర్నరు పెట్టి పట్టా కొసలు ఎర్రబడేదాకా కాలుస్తాం. పైన మూకుడులో మందు పోసి, దాన్ని అంటించేది దేనితోనో తెలుసా? కాకరపువ్వొత్తితో! నిజం, దీపావళికి కాల్చేదాని అన్నలాంటిది. అంటుకుంటే కళ్ళు చెదిరే తెల్లటి వెలుగు. నల్ల కళ్ళద్దాలు లేకుండా చూడకూడదు. కరిగిన ఇనుము అచ్చులోకి నిలువుగా దిగుతుంది. అచ్చు ఎక్కడైనా ఒక్క వేలు సందు ఇస్తే అక్కడి నుంచి కంకర మీదకి కారిపోతుంది, ఆ అతుకు పాడైనట్టే, మళ్ళీ కోసి మొదలు పెట్టాలి. ఇంత తతంగం, ఇద్దరు ముగ్గురు మనుషులు, ట్రాఫిక్ బ్లాకు (అంటే పని కోసం ఆ లైను మీద రైళ్ళు ఆపడం), ఒక్క అతుకుకి. అది కిందకి కారే వస్తువు. నిలబెట్టిన లావుపాటి స్తంభాన్ని అడ్డంగా కొయ్యమంటే పని తెలిసినవాడెవడూ ముందుకు రాడు. ఆ మేడలో అన్ని స్తంభాలకీ, గోడలు పగలగొట్టి, మనుషులు పనిచేసుకుంటున్న ఆఫీసుల మధ్య, ఎవరికీ తెలీకుండా, పైగా 7 గంటలు మంటల్లో అది ముందే అంటుకోకుండా ఉండాలి. నాకు మింగుడుపడదు.

బాంబులంటారా, మన నోయిడాలో జంట టవర్లు 2022 ఆగస్టు 28న కూల్చారు కదా. 3,700 కిలోల మందు, స్తంభాలకి 9 వేల పైచిలుకు కన్నాలు, నెలల తరబడి పని. పేలినప్పుడు ఆ చప్పుడు ఎంత దూరం వినపడిందో టీవీలో చూశాం. 7వ నంబరులో ఒక్క ముఖ్య స్తంభం పేల్చినా అర మైలు అవతల 130, 140 డెసిబెల్స్ మోత వచ్చేదని నిస్ట్ లెక్క కట్టింది. ఆ సాయంత్రం తీసిన వీడియోల్లో అలాంటిది ఏదీ లేదు.

ఫ్రీ ఫాల్ గురించి బావగారు అన్నది న్యాయమైన ప్రశ్న, ఆ మాస్టారికి దణ్ణం పెట్టాలి. అయితే రిపోర్టులో ఉన్నది మొత్తం చదవండి. ఎదర గోడ దిగడం మూడు దశలు. మొదటి 1.75 సెకన్లు నెమ్మదిగా, తర్వాత 2.25 ఫ్రీ ఫాల్, ఆ తర్వాత మళ్ళీ నెమ్మది. మొదటి దశలో బయటి స్తంభాలు మడత పడుతున్నాయి. మడత పడిపోయాక కాసేపు ఆపేది ఏముంటుంది? మీ వీడియో ఎక్కడ మొదలైందో కూడా చూసుకోండి. గోడ కదలడానికి ఏడు సెకన్ల ముందే పైకప్పు మీద తూర్పు పక్కనున్న గది లోపలికి కుంగింది. లోపల అప్పటికే పొట్ట ఖాళీ. చాలా వీడియోల్లో ఆ ఏడు సెకన్లు కత్తిరించేసి ఉంటాయి.

వేడికి సాగడం కూడా చెప్పి ఆపుతాను. మే నెలలో పట్టా చెయ్యి పెట్టలేనంత, 60 డిగ్రీలు దాటి కాలుతుంది. ఆ మాత్రానికే పట్టా పాములా మెలిక తిరుగుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం గ్యాంగ్‌వాళ్ళు పట్టాల వెంట కాపలా నడుస్తారు. 60 డిగ్రీలు! మీరు మాట్లాడేది 600 గురించి.

"పుల్ ఇట్" మాటంటారా, మేం "బ్లాక్ తీసుకున్నాం" అంటే బయటివాళ్ళు బ్లాకులో టికెట్లు అనుకుంటారు. లోపలున్న ఫైర్‌మెన్‌ని వెనక్కి పిలవడం గురించే అన్నానని ఆయన తర్వాత చెప్పించాడు. ఒక్క మాట పట్టుకుని మేడ కూల్చకండి.

లంకలో ఇల్లు:

అన్నయ్యగారండి, నాకు ఇంజినీరింగు తెలీదు కానీ బీబీసీ సంగతి మాత్రం నాకు బాగా అర్థమైంది.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది కదా. ఆ రాత్రి మా లంకలో కరెంటు లేదు. ఎవరో ఫోన్ చేసి "ఏటిగట్టు జారుతోందట, తెగేలా ఉంది" అన్నారు. ఆ మాట మా తోడికోడలు పుట్టింటికి చేరేసరికి "తెగిందట" అయ్యింది. అక్కడి నుంచి మళ్ళీ మాకే ఫోన్ వచ్చింది, "మీ గట్టు తెగిపోయిందట, ఇంకా ఇంట్లోనే ఉన్నారా?" అని! నేను గట్టు మీదే నిలబడి ఆ ఫోన్ ఎత్తాను. గేదె తాడు ఒక చేతిలో, సెల్లు ఒక చేతిలో. తెగలేదమ్మా, దీని మీదే ఉన్నాను అంటే నమ్మరే! ఇసక బస్తాలు వేశారు, ఆ గట్టు నిలబడింది. ఒకవేళ తెల్లారి తెగి ఉంటే, "చూశావా, వాళ్ళకి ముందే తెలుసు" అనేవాళ్ళు కదండీ.

ఆ న్యూయార్క్ మేడ పడేలా ఉందని ఫైర్‌వాళ్ళు మధ్యాహ్నం నుంచే అంటున్నారట, గోడ ఒక పక్క ఉబ్బిందని చూసి చుట్టుపక్కల అందర్నీ దూరం పంపేశారట. అందుకే అందులో ఒక్కరూ పోలేదు. "పడేలా ఉంది" అన్నది న్యూయార్క్ నుంచి లండన్ వెళ్ళేసరికి "పడింది" అవ్వదా? మా ఊరి నుంచి తోడికోడలు పుట్టింటికి వెళ్ళేసరికే అయ్యింది.

ఇనపకొట్టు, అంబాజీపేట:

అందరికీ చాలా థాంక్సండి. రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని అన్నీ రెండుసార్లు చదివాను.

పట్టాల మాస్టారు సాగడం గురించి రాస్తే మా తాత గుర్తొచ్చాడు. ఆయన కమ్మరం చేసేవాడు. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించడం నేను చిన్నప్పుడు ఒక్కసారే చూశాను. పట్టా చక్రం కంటే కాస్త చిన్నదిగా చేస్తాడు. దాన్ని నేల మీద పరిచి చుట్టూ పిడకలు పేర్చి అంటిస్తాడు. ఒట్టి పిడకలేనండి, బొగ్గుల కొలిమి కూడా కాదు. ఎర్రబడ్డాక నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద పెడితే, ఇందాక పట్టనిది ఇప్పుడు వదులుగా దిగుతుంది. వెంటనే బిందెలతో నీళ్ళు. సుయ్‌మని ఆవిరి, చక్రంలో ఆకులన్నీ కిర్రుమని మూలుగుతాయి. పట్టా బిగుసుకుని చెక్కని నలిపేస్తుంది. కరగలేదు, ఒట్టిగా సాగి ముడుచుకుందంతే. ఆ ముడుచుకోడానికే టేకు చక్రం మూలిగింది.

లెక్క వేశాను. ఇనుము ఒక డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు సాగుతుందని మా అమ్మాయి టెన్త్ పుస్తకం పక్కన పెట్టుకుని చెప్పింది. 50 అడుగుల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర అంగుళాలు. కొట్లో టేపు తీసి మూడున్నర అంగుళాలు పట్టుకుని చూశాను. నా అరచెయ్యి వెడల్పు. అంత మేడకి అరచెయ్యంత.

మా బాల్కనీకి కూడా అంతేనండి. ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. అమలాపురం నుంచి ఇంజినీరుగారు వచ్చి, విరిగిన ముక్కని సుత్తితో చిదిపి చూశారు. బాల్కనీ గాల్లోకి చాచి ఉంటుంది కాబట్టి లాగుడంతా పై వైపే, రాడ్డు పైనే ఉండాలి. మేస్త్రి రాడ్డు పైనే కట్టాడు. దాన్ని పైనే నిలబెట్టడానికి కింద పెట్టే వంచిన రాడ్డు ముక్కలు, వాటినే చైర్లంటాం, అవి మాత్రం సరిపడా పెట్టలేదు. కాంక్రీటు పోసేరోజు తట్టలు మోసేవాళ్ళు ఆ రాడ్డు మీంచే నడిచారు. పాపం వాళ్ళు ఎటు నడుస్తారు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొక్కితే పై రాడ్డు కిందకి కూరుకుపోయింది. ఆ మూడు నాలుగు అంగుళాలే బాల్కనీ ప్రాణం. ఇంజినీరుగారు ముక్కని తిరగేసి చూపిస్తే, రాడ్డు అడుగు నుంచి తొంగిచూస్తోంది. తమ్ముడి గడ్డపలుగూ లేదు, గ్యాసూ లేదు. నా ఇనుము కాలేజీ ల్యాబులో లాగి చూశారు, నిలబడింది.

ఇక బావా, నీ రెండో మాట. అంకెలు దాచారన్నది. అక్కడ నేను నీ పక్షమే. ల్యాబు కాగితం వచ్చిన రోజు నేను దాన్ని గాజు పలక కింద పెట్టి కౌంటరు మీద బిగించాను. అదే నేను "కస్టమర్ల భద్రత దృష్ట్యా చూపించను" అని ఉంటే ఊరు నన్ను బతకనిచ్చేదా? దాచారంటే బాంబు పెట్టారని కాదు. కానీ ఆ దాచడం వల్లే 20 ఏళ్ళు దాటినా నువ్వు కనుమ నాడు ఈ వీడియో పెట్టావు. ఆ మాస్టారు కొలవకపోతే ఆ డ్రాఫ్టు తప్పు అలాగే అచ్చయ్యేది. అడిగేవాడు ఉండాలి. అడిగి, వచ్చిన జవాబు కూడా వినాలి. మా ఊళ్ళో కాగితం చూపించినా, "ఆ ల్యాబువాడికి డబ్బులిచ్చుంటాడు" అన్నవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకి నేను ఇంకేం చూపించాలో చెప్పు.

పాలకొల్లు టు డల్లాస్:

ఆ ఏడు సెకన్లు ఉన్న వీడియో వెతికి చూశాను. పైన గది కుంగడం కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ నా దగ్గరున్నది కత్తిరించిందే. కత్తిరించినవాడెవడో తెలిస్తే పులస వాడి చేత కొనిపిస్తాను.

థర్మైటు వదిలేశాను. అంకెల సంగతి వదల్లేదు. అందుకని ముప్పాతిక ఓడాను, పావు గెలిచాను. పులసలో తల నాది.

దోహా నుంచి వచ్చేశా:

బావగారూ, పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు, పావు లెక్కలేంటండీ. గోదారి ఎర్రబడగానే చెప్పండి, ముమ్మిడివరం దగ్గరే, నేనూ వస్తా. బెండకాయలు, వెన్న నేను తెస్తా.

ఇనపకొట్టు, అంబాజీపేట:

రండి అన్నా, తప్పకుండా.

ఇవాళ పొద్దున్న ఆ బాల్కనీ ఇంటాయన కొట్టుకొచ్చాడండి, ఏడాది తర్వాత. మళ్ళీ పోయిస్తున్నాడట, కొత్త మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. 10 ఎంఎం రాడ్డు తీసుకున్నాడు. 40 చైర్లు కావాలన్నాడు. మా కుర్రాడు లేకపోతే నేనే కూర్చుని వంచి ఇచ్చాను. డబ్బులిచ్చి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆ టెస్టు కాగితం ఒకటి ఇప్పిస్తారా" అన్నాడు.

రెండు జిరాక్సులు తీసి ఇచ్చాను.